మొదటి లేన్‌లో ఎవరూ దిగరు

తిరుపతిలోని మా యూనివర్సిటీ పాత విద్యార్థుల పరుగు రికార్డులతో పుస్తకం వేస్తున్నారు. అందులో ఎనిమిది వందలు, పదిహేను వందల మీటర్ల జాబితా నా నెత్తిన పడింది. ఒకప్పుడు నేనూ ఎనిమిది వందలు పరుగెత్తినవాడినే. ఇప్పుడు నా పొట్ట చూసినవాళ్లెవరూ నమ్మరు. జాబితాలో ఒక చిక్కొచ్చింది. నా తర్వాతి బ్యాచ్ వాళ్లు బయటి ఊళ్లలో పతకాలు కొట్టారు, సొంత గ్రౌండులో మాత్రం అందరి టైములూ నాసిరకం. పుస్తకంలోకి ఎక్కేవి సొంత గ్రౌండు టైములే. ఆ లెక్కన వాళ్లలో మేటి అయిన రెడ్డప్ప పేరే ఎగిరిపోతుంది. అది నాకు మింగుడుపడలేదు.

ఉదయం ఆరింటికి చిత్తూరులో బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన "యాడికప్పా?" అన్నాడు. చెప్పాను. "పరిగెత్తిందానికి గూడా పుస్తకమా!" అని నవ్వుతూ చంద్రగిరిలో దిగిపోయాడు. ఎనిమిది దాటాక తిరుపతి. బస్టాండు ఎదుట ఇడ్లీ తినొచ్చు, కాఫీ జోలికి పోకండి. అక్కడి నుంచి పుత్తూరు బస్సులో వడమాలపేట.

రెడ్డప్ప రోడ్డు పక్కన మామిడి మొక్కల నర్సరీ నడుపుతున్నాడు. నేను టైముల సంగతి అడగగానే ముఖం మారింది.

"ఆ టైములు నిజమే అన్నా. మేమంతా రెండో లేన్‌లో పరిగెత్తినాం."

రెండో లేన్‌లో చుట్టు పెద్దది, అందుకే ఎవరైనా లోపలి అంచుకే అతుక్కుంటారు. వీళ్లెందుకు వదిలేశారు?

"మా బ్యాచ్ మురళి ఎప్పుడూ లోపలంచునే పరిగెత్తేవాడు. జరమొచ్చి పోయినాడు. దినాలయ్యేదాకా వాడి లేన్‌లో దిగొద్దనుకున్నాం. దినాలైనాక దిగితే, ఎనక ఎవురో ఊపిరి తీస్తా ఉండారు. మళ్లీ ఎవురూ దిగలా."

తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నా పేరు రావాలన్నా. బతుకులో నాదని చెప్పుకునేది ఆ పరుగొక్కటే."

కమిటీకి ఫోన్ చేశాను. మట్టి ట్రాకు కాబట్టి రెండు లేన్లూ కొలిచి తేడా చూపిస్తే టైము సరిదిద్దుతామన్నారు. జాబితా ఆ రోజే అచ్చుకు పోవాలట. రెడ్డప్ప ఇంట్లో సంగటి తిని ఇద్దరం తిరుపతి బస్సెక్కాం.

ఐదున్నరకు గ్రౌండు చేరాం. పిల్లలు పరుగెత్తుతున్నారు, అందరూ రెండో లేన్‌లోనే. ఎందుకని ఒకమ్మాయిని అడిగితే, "తెలీదు సార్, సీనియర్లు ఇట్నే పరిగెత్తినారు" అంది. మొదటి లేన్‌లో ఎవరూ దిగడం లేదు. అయినా అక్కడ గడ్డిపరక లేదు. మట్టి తొక్కితొక్కి నున్నబడి ఉంది.

పిల్లలు వెళ్లిపోయాక, గ్రౌండు గదిలో అడిగి తెచ్చిన కొలిచే చక్రం దొర్లిస్తూ ముందు రెండో లేన్ కొలిచాను. మొదటి దాంట్లోకి రెడ్డప్ప రానన్నాడు. నేనే దిగాను. మొదటి వంపు తిరిగేసరికి వెనక అడుగులు వినిపించాయి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నాలుగడుగులు వేశానో లేదో, ఊపిరి మెడకు తగిలింది. దాటిపోవాలని చూసేవాడి ఊపిరి ఎలా ఉంటుందో పరుగెత్తినవాడికి తెలుస్తుంది. భయమేసింది. తల వంచుకుని నడిచాను.

చుట్టు పూర్తయ్యాక నేల చూశాను. మొదటి వంపు తర్వాత ఈ చుట్టు జాడ కూడా అంతా రెండో లేన్‌లోనే ఉంది. ఎప్పుడు పక్కకు జరిగానో నాకు తెలియదు. కొలత పనికిరాకుండా పోయింది.

"ఇంకోసారి కొలుస్తాను" అన్నాను.

"ఒద్దన్నా" అన్నాడు రెడ్డప్ప, ఖాళీ లేన్ కేసి చూస్తూ. "వాడుండుంటే నేను రెండోవాణ్ణే గదా."

ఏడున్నరకు చిత్తూరు బస్సు దొరికింది. కొలత కుదరలేదని దారిలోనే కమిటీకి చెప్పాను. జాబితా రెడ్డప్ప పేరు లేకుండానే పోయింది. ఊరు చేరేదాకా మనసు మనసులో లేదు. ఆ గ్రౌండు చూడాలనుకునేవాళ్లు సాయంత్రం వెళ్లండి, కొండ మీది నుంచి గాలి బాగా వస్తుంది. లోపలి లేన్‌లో నడుస్తుంటే వెనక ఊపిరి వినిపించిందా, మారు మాట్లాడకుండా దారివ్వండి. ఆ పిల్లవాడికి పరుగు ఇంకా మిగిలే ఉంది.