నాన్న చెప్పిన ఘర్షణ పాఠం

పొద్దున మా చంటిదానికి పౌడరు అద్దుతుంటే ఆ వాసనకు నాన్న గుర్తొచ్చాడు. ఫిల్మ్‌నగర్ బస్తీలో పెరిగిన నా ఈడువాళ్లూ, షూటింగుల్లో పట్టాల మీద నడిచే కెమెరా ట్రాలీ గుర్తుందా? నాన్న దాన్ని తోసేవాడు.

ఏడో తరగతి సైన్సులో ఘర్షణ పాఠం అర్థం కాలేదని నేను ఏడిస్తే, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగుకు వెంట తీసుకెళ్లాడు. పట్టాల మీద పౌడరు చల్లి, "జర తోయి బిడ్డా" అన్నాడు. నా చిన్న చేతులకే అంత బరువు ట్రాలీ ముందుకు జారిపోయింది. ఆపబోతే ఆగలేదు. నాన్నే ఉరికి పట్టుకున్నాడు.

"చూసినవా? రాపిడి లేకుంటే తోసుడు అల్కగుంటది, ఆపుడే కష్టం" అని నవ్వాడు.

ఆ వానాకాలమే కొండ వాలులో షూటింగ్ జరుగుతుంటే, తడిసిన పట్టాల మీద ట్రాలీ జారింది. పైన కెమెరామన్ కూర్చుని ఉన్నాడు. నాన్న ఎదురెళ్లి ఛాతీతో ఆపాడు. కెమెరామన్‌కు దెబ్బ తగల్లేదు. నాన్న మాత్రం మూడోరోజు ఆసుపత్రిలో పోయాడు.

ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షలో, ఘర్షణ లేకపోతే ఏమవుతుందో రాయమన్నారు. నేను ఆ చోటు ఖాళీగా వదిలేశాను.

"ఇంత సులువైంది కూడా రాదా?" అని టీచరు కోప్పడ్డారు.

"వస్తది టీచర్" అన్నాను.