మావయ్య పేజీలకు నేను కట్టిన ఫ్రేము

ఇంటర్నెట్‌ను గంటల లెక్కన అద్దెకు వాడుకునే ఆ కాలంలో నాకు తెలిసినవి తక్కువ, తెలుసునన్న నమ్మకం ఎక్కువ. మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నాలుగూళ్ల జమీందారు. తాతగారి హయాంలో ఊళ్లు పోయాయి. నాన్నగారి నాటికి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరులో రెండు గదులు మిగిలాయి. నిటారుగా కూర్చోవడం మాత్రం మాకు వారసత్వంగా దక్కింది. (ఎవరూ జప్తు చేయలేని ఆస్తి అదొక్కటే.) గోల్ బజార్‌లోని కంప్యూటర్ సెంటరులో వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో చేరినప్పుడు కూడా, నేను వాళ్లకు ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. యజమాని నన్ను రాజాసాబ్ అని పిలిచేవాడు. అందులో వెటకారం ఉందని గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది.

లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరై, సదర్ బజార్ సందులో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా అక్కడి మా తెలుగువాళ్ల పిల్లలందరికీ ఆయన మావయ్యే. అందరూ కరెంటు కీబోర్డులు కొంటున్న రోజులవి. ఒకనాడు మా సెంటరుకు వచ్చి, "కంప్యూటర్లో పెడితే దూరంగా ఉన్నోళ్లకి కనబడతాదంట కదా బాబూ. దసరా దాకా సూస్తాను. అప్పటికీ ఎవరూ రాకపోతే నా పని ఎవరికీ అక్కర్లేదనే కదా. పనిముట్లు పాత ఇనప సామాన్లు కొనే కబాడీవోడికి ఇచ్చేసి ఇంట్లో కూకుంటాను" అన్నాడు.

అప్పట్లో నాకు ఫ్రేములంటే మోజు. తెరను మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో విడి పేజీని తెచ్చి కూర్చోబెట్టే పద్ధతి అది. పై ముక్కలో నెమళ్ల అంచు మధ్య మావయ్య పేరు, చిరునామా, ఫోన్ నంబరు పెట్టాను. ఎడమవైపు పేజీల జాబితా. మధ్యలో స్వరం పలికే రీడ్ల గురించి, వాటికి గాలి ఊదే తిత్తుల గురించి, పాత పెట్టెల మరమ్మతు గురించి ఆయన చెప్పగా నేను హిందీలో రాసిన పేజీలు. యజమాని వెనక నిలబడి చూసి, "రాజాసాబ్, హర్ పేజ్ పే నామ్-పతా డాలో" అన్నాడు. ప్రతి పేజీలోనూ పేరు, చిరునామా వేయమని. నేను వెన్ను ఇంకాస్త నిటారు చేసి, పేరు గుమ్మం మీద ఒక్కసారే రాస్తారనీ, గదిగదికీ రాసుకునేది దుకాణదారులనీ జవాబిచ్చాను. (మావయ్యదీ దుకాణమేనన్న సంగతి ఆ క్షణాన తోచలేదు.)

నెలలు గడిచాయి. "ఏటి బాబూ, ఎవరైనా సూసినారా?" అని మావయ్య కనబడినప్పుడల్లా అడిగేవాడు. "గొప్ప పని నెమ్మదిగా తెలుస్తుంది మావయ్యా" అనేవాణ్ణి. దసరాకు వారం ముందు, రాయగఢ్ నుంచి భజన మండలి పెద్దమనిషి ఒకాయన, గుడ్డలో చుట్టిన హార్మోనియంతో మా సెంటరు మెట్లెక్కాడు. చేతిలో ప్రింటు తీసిన కాగితం. చూస్తే నా తిత్తుల పేజీయే. నెమళ్లు లేవు, పేరు లేదు, నంబరు లేదు. "ఇంత తెలిసిన మనిషి తానెవరో చెప్పడేం? ఈ పేజీలోని ఫోటోలో గోడ మీద బిలాస్‌పూర్ అని రాసిన క్యాలెండరు కనిపిస్తే బండెక్కి వచ్చాను. కంప్యూటర్ కాగితమని అందరూ మీ దగ్గరికే తోలారు. ఆయన పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నాడా ఏమిటి?" అన్నాడు హిందీలో.

యజమాని నవ్వకుండా నాకు విడమరిచి చెప్పాడు. (నవ్వి ఉంటే బాగుండేది.) సెర్చ్ ఇంజిన్ నా మూడు ముక్కల్నీ కలిపి చూడదు. దేనికది విడి పేజీగా రాసుకుంటుంది. వాటిని కలిపే మొదటి పేజీ మాటల్లేని ఖాళీ చట్రం, కాబట్టి దానికి అక్కడ ఏమీ దొరకదు. పేరున్న ముక్క పేరు తెలిసి వెతికినవాడికే దొరుకుతుంది. తిత్తి గురించి వెతికినవాడు వీధిగుమ్మం చూడకుండా తిన్నగా లోపలి గదిలోకి దిగుతాడు. అక్కడ ఇది ఫలానా వారి ఇల్లని చెప్పే నాథుడు లేడు.

రాయగఢ్ పెద్దమనిషి హార్మోనియం నేనే భుజానికెత్తుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని మావయ్య సందులోకి దారి తీశాను. మావయ్య పనిముట్లు గోనెసంచిలోకి సర్దుతున్నాడు. "రా బాబూ. దసరా దాకా ఆగడం ఎందుకులే. ఎవరికీ అక్కర్లేని పని ఇన్నాళ్లూ సేసినాను" అన్నాడు. నేను హార్మోనియం కిందికి దించాను. "జనం చూసే ఉంటారు మావయ్యా. మీ పేరు వాళ్లకు కనబడకుండా కట్టింది నేను. పొరపాటు నాది."

మావయ్య సర్దడం ఆపాడు. "అచ్ఛా. అయితే నా పనిలో తప్పు లేదన్నమాట" అన్నాడు. సంచి బోర్లించి స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ, "ఏటలా కొయ్యలా నిలబడ్డావు, ఆ తిత్తి ఇటు పట్టు" అన్నాడు.

మర్నాడు ఫ్రేములన్నీ తీసేసి, ప్రతి పేజీలోనూ పేరు, చిరునామా, నంబరు వేశాను. సెంటరు నుంచి ఆ సందు దాకా నడిచినంతసేపూ, ఎలా చెబితే నా గౌరవం తగ్గకుండా ఉంటుందా అని మాటలు కూర్చుకున్న ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే నవ్వూ జాలీ కలిసి వస్తాయి. నెలల తరబడి ఒక పెద్దాయన తన చేతుల్ని తానే అనుమానించుకుంటూ ఉంటే, వాడు మాత్రం తనను తాను ఒక్కనాడూ అనుమానించుకోలేదు.