మునిలక్ష్మి నుదుటి ఎరుపు

మా పిన్నమ్మ నంజమ్మ అత్తవారిది కబ్బన్‌పేటలో పట్టునూలుకు రంగు వేసే ఇల్లు. యుద్ధం ముగిసిన ఏడాది ఆమెకు ఆడపిల్ల పుట్టింది, మునిలక్ష్మి. బిడ్డ నుదుటికి కుడివైపున, కనురెప్ప దాకా ముదురెరుపు మచ్చ. కడుపుతో ఉండగా, గ్రహణం పట్టిన వేళ నంజమ్మ ఎర్రరంగు కాగులో నూలు తిప్పింది. అదే బిడ్డకు అంటిందని వీధంతా అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది అత్త అక్కయమ్మ.

మచ్చతోనే పోలేదు. ఏడాది నిండకముందే బిడ్డకు మూర్ఛలు మొదలయ్యాయి. ఎడమ చెయ్యి కొట్టుకునేది, కళ్ళు తేలిపోయేవి. రంగు లోపలికి దిగిందనీ, మచ్చ మీద సూది కాల్చి వాత పెడితే తప్ప వదలదనీ అక్కయమ్మ తేల్చేసింది. వాతలు పెట్టేవాడిని శుక్రవారం రమ్మని కబురు కూడా పంపింది. కనురెప్ప మీద వాత అనేసరికి నంజమ్మకు తిండి సహించలేదు. ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, గురువారం పొద్దున బిడ్డను చంకనేసుకుని పెద్దాసుపత్రికి బయలుదేరింది. అక్కయమ్మ సణుగుతూనే వెంట నడిచింది.

డాక్టరు శ్రీనివాసప్ప మచ్చను వేలితో నొక్కి చూశాడు. ఏ చెయ్యి కొట్టుకుంటుందని అడిగి, ఎడమదని వినగానే తలూపాడు. ఇది అరుదైన జబ్బన్నాడు. పిండం ఏర్పడే తొలినాళ్ళలోనే నుదుటి చర్మంలోనూ, దాని అడుగున, ఎడమ చేతిని నడిపే మెదడు కుడివైపు పైపొరలోనూ సన్నని రక్తనాళాలు గజిబిజిగా అల్లుకుపోయాయనీ, పైన మచ్చకూ లోపల మూర్ఛకూ మూలం అదేననీ చెప్పాడు.

"గ్రహణంలో రంగు తిప్పింది అప్పా. నేను కళ్ళారా చూసినాను," అంది అక్కయమ్మ.

"చూస్తా ఊరికే ఉంటివా అమ్మా?"

కాగులో నూలు తిప్పడం మధ్యలో ఆపితే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడుతుంది. అది పెళ్ళిచీరల నూలు.

"తిప్పమనింది నేనే," అంది అక్కయమ్మ. "దాని వల్ల కాదంటావా?"

"కాదు. ఆమె చేతి వల్లా కాదు, నీ మాట వల్లా కాదు. వాత పెడితే కన్ను పోతాది గానీ మూర్ఛ పోదు."

అక్కయమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తనను తిట్టింది అత్త కోపం కాదు, ఆమె భయమని అప్పుడే తెలిసిందని నంజమ్మ తర్వాత మా అమ్మతో చెప్పింది.

డాక్టరు మూర్ఛలు తగ్గించే లూమినల్ మాత్ర రాసిచ్చాడు. పూర్తిగా మానుతుందని మాట ఇవ్వలేదు. ఎడమ చెయ్యి చివరిదాకా కొంచెం బలహీనంగానే ఉండిపోయింది కానీ, మూర్ఛలు మాత్రం రానురాను అరుదయ్యాయి.

మరునాడు వాతలవాడు వచ్చాడు. అక్కయమ్మ అతన్ని వాకిట్లోనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"బిడ్డ నిద్రపోతా ఉండాది," అంది. "లేపేది లేదు. నువ్వు పోయిరాప్పా."