హనుమయ్య గారి దొరసాని

మా స్నేహితురాలు శశికళ ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో పులిహోరకూ గుత్తివంకాయకూ మధ్య, పైన రేకు కప్పిన అల్యూమినియం ట్రే ఒకటి ఉంది. ఒక పెద్దాయన రేకు తీసి, నల్లనువ్వుల పచ్చడి అనుకుని గరిటె ముంచారు. అది ఇంజన్ ఆయిల్. ఆయన వడ్డించుకునేలోపే వాసన పట్టారు కనుక, విందు యథావిధిగా సాగింది.

ఆ ట్రే హనుమయ్య గారిది. అమెరికాలో, షికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళు వంటలన్నీ అలాంటి ట్రేల్లోనే మోసుకొస్తారు. ఖాళీ అయినవాటిని ఆయన కడిగి దాచి, ఎక్కడ ఆగితే అక్కడ, కారే ఆయిల్ పట్టడానికి తన కారు కింద పెడతారు. బయల్దేరేటప్పుడు రేకు కప్పి డిక్కీలో పెట్టుకుంటారు. ఆ రోజు దాని పక్కనే ఆయన భార్య కృష్ణవేణి గారి పులిహోర కూడా ఉంది. దింపడానికి సాయం వచ్చిన వాళ్ళు రెండూ లోపలికి తెచ్చేశారు.

కారు 1966లో ఇంగ్లండ్‌లో పుట్టింది. షికాగో డాక్టరొకాయన ముచ్చటపడి ఓడలో తెప్పించుకున్నాడట. ఆయన ముసలివాడై కళ్ళు మసకబారాక హనుమయ్య గారి చేతికొచ్చింది. లోపల అద్దంలా మెరిసే వాల్‌నట్ చెక్క, తోలు సీట్లు. ముందు సీట్ల వీపుకి మడత బల్లలు. దొరలు వాటి మీద టీ తాగేవారట, మేం ఉప్మా తిన్నాం. పెట్రోలు ట్యాంకులు రెండు. వాన పడితే లైట్లు వెలగవు, ఎండ ముదిరితే ఇంజన్ అలుగుతుంది. హనుమయ్య గారు దాన్ని దొరసాని అంటారు, పైగా 'ఆవిడ' అని.

స్టీరింగ్ కుడివైపు. అంటే, ఈ దేశంలో డ్రైవరుండాల్సిన చోట కృష్ణవేణి గారు కూర్చుంటారు. టోల్ దగ్గర చిల్లర వెయ్యడం ఆవిడ పని. తక్కిన దారంతా కళ్ళు మూసుకుని, చేతులు జోడించి విష్ణు సహస్రనామం చదువుకుంటారు. పక్క లేన్‌లో వాళ్ళు అది చూసి బెదిరి వెనక్కి తగ్గేవారు.

హనుమయ్య గారు వారమంతా రైల్లో షికాగో ఆఫీసుకెళ్తారు. ఏళ్ళ తరబడి పక్కన కూర్చునే మనిషికి కూడా ఆయన పేరు సరిగ్గా తెలీదు. శనివారం దొరసానితో బయటికొస్తే మాత్రం, సిగ్నల్ దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళు అద్దం దించి పలకరిస్తారు. ఆయన తల కొంచెం వంచి అందుకుంటారు. ఆ కాస్త వంపు కోసమే ఆ కారు.

ఒక చలికాలంలో, ఆగిపోయిన కార్లని లాక్కెళ్ళే టో ట్రక్ ఎక్కి ఇల్లు చేరడం అలవాటైపోయాక, కృష్ణవేణి గారు తేల్చి చెప్పారు.

"ఏమండీ, ఇంకొక్కసారి టో ట్రక్‌లో ఇంటికొచ్చామా, మీ దొరసానిని అమ్మేయాల్సిందే."

"సరే," అన్నారాయన, మాట తప్పని మనిషి.

2010 వేసవిలో శశికళ కొడుకు దేవ్ పెళ్ళి. వాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు.

"అంకుల్, బరాత్‌కి మీ కార్ కావాలి. సూపర్ కూల్ కార్ అది."

"ఆ పచ్చడి కారా?" అంది శశికళ. "ముహూర్తం దాటిపోతే నువ్వే వెళ్ళి మీ అత్తగారికి చెప్పుకో."

పెళ్ళిరోజున ఎండ మండిపోతోంది. దొరసాని పూలదండలతో హోటల్ గేటు దాటింది, డోలు వాయిస్తున్నవాడి వెనకే కొంత దూరం నడిచింది, మలుపు దగ్గర ఆగిపోయింది. హనుమయ్య గారు తాళం తిప్పారు. ట్యాంకు మార్చారు. డ్యాష్‌బోర్డు నిమిరారు. వెనక సీట్లోంచి కృష్ణవేణి గారు ఫోన్ తీసి, ఎంతో ప్రేమగా అడిగారు.

"టో ట్రక్‌ని పిలవమంటారా?"

ఆయన అద్దం దించి, డాన్స్ చేస్తున్న దేవ్ స్నేహితుల్ని పిలిచారు.

"బాబూ, మీ స్టెప్పులేవో కారు వెనక వెయ్యండి. చేతులు మాత్రం డిక్కీ మీద ఉంచండి."

కారు కదిలింది. డోలు దరువుకి తగ్గట్టు, ఒక ఊపుకి ఒక అడుగు. మేమందరం తలో చెయ్యీ వేశాం. ఎడమవైపు ముందు సీట్లో దేవ్ రెండు చేతులూ గాల్లోకెత్తి ఊగుతుంటే, ఎదురొచ్చిన ఆడపెళ్ళివారి పెద్దావిడ ఒకామె గుండె పట్టుకుంది.

"అయ్యో, అబ్బాయి స్టీరింగ్ వదిలేశాడేంటర్రా."

ముహూర్తానికి ముందే మండపం చేరాం. పెళ్ళికూతురి తండ్రి కారు చుట్టూ తిరిగి, మెచ్చుకోలుగా అన్నాడు.

"ఇంజన్ చప్పుడే వినపడలేదండీ. బ్రిటిష్ కారంటే ఇదీ."

హనుమయ్య గారు తల కొంచెం వంచారు.

భోజనాలయ్యేసరికి ఎండ తగ్గింది. దొరసాని ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఆయన కారు కింద నుంచి ట్రే తీసి రేకు కప్పుతుంటే, కృష్ణవేణి గారు చెమటకు తడిసిన పట్టుచీర సర్దుకుంటూ మాట అందుకున్నారు.

"అంతమంది ముందు నడిరోడ్డు మీద ఆగింది. నాచేత కూడా తోయించారు. అమ్మేస్తానని మాటిచ్చారు, గుర్తుందా?"

"నువ్వు టో ట్రక్ అన్నావు వేణీ, పెళ్ళివారు తోస్తే అనలేదుగా."