రెంచీ మామ బిగించిన నట్టు

చేతిలో రెంచీ లేకుండా రెంచీ మామ ఎవరికీ కనబడడు. కొత్త యంత్రాలు తయారుచేసి పరీక్షించే షెడ్డులో ఆయన పని ఒకటే, వచ్చినదాన్ని విరిగేదాకా ఆడించడం. "అందరూ నిలబెట్టి బతుకుతారు, నేను కూలగొట్టి బతుకుతా" అని నవ్వేవాడు.

ఈసారి వచ్చింది మాత్రం విరగకూడదనిపించింది. మంచం పట్టిన మనిషిని ఎత్తి కుర్చీలో దించే యంత్రం అది. ఇంట్లో ఆయన భార్యకి నడుము కింద స్పర్శ లేదు. ఆమెను ఎత్తి ఎత్తి ఆయన నడుమూ పోయింది.

"పాసైతే మొదటి పీసు మీ ఇంటికే మామా" అన్నాడు మేనేజరు.

అప్పట్నుంచీ దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాడు. అది పగలంతా ఇసుక మూటను ఎత్తుతూ దించుతూ ఉండేది. పొద్దున్నే వచ్చి, దాని చెయ్యిని పట్టి ఉంచే నట్టును ఒకసారి బిగించేవాడు. ఎవరూ చెప్పలేదు. చేతికి అలవాటు, అంతే.

ఆయన జ్వరమొచ్చి పడుకున్నప్పుడు నట్టు వదులై చెయ్యి ఊడింది. మూట నేలమీద పడి పగిలింది.

తిరిగొచ్చేసరికి మేనేజరు కొత్త మూట కట్టిస్తున్నాడు.

"నువ్వు లేకపోబట్టే మామా. ఆ రోజులు లెక్కలోంచి తీసేద్దాం. ఫెయిలైందంటే పైవాళ్ళు దీన్ని అటకెక్కించేస్తారు."

రెంచీ మామ చిందిన ఇసుక వంక చూశాడు.

"ఇన్నాళ్ళూ పాసయింది నా రెంచీయే సార్."

"నీ పీసుకు నువ్వు బిగించుకో. గోలెందుకు?"

"కొన్నవాళ్ళ ఇళ్ళన్నిటికీ ఇల్లరికం పోనా? మొదట్నుంచీ ఆడించండి. నేను ముట్టను."

"నోటికాడ కూడు నువ్వే తన్నుకుంటున్నావ్" అన్నాడు మేనేజరు. అయినా ఆడించాడు.

మళ్ళీ ఊడింది. నట్టు మార్చి చూద్దామని మామ అంటే, ఇక చాలన్నారు పైవాళ్ళు. యంత్రం మీద టార్పాలిన్ పట్టా కప్పి మూలకు తోసేశారు.

సాయంత్రం భార్య అడిగింది. "ఎప్పుడొస్తుందయ్యా నా సవతి?" యంత్రానికి ఆమె పెట్టిన పేరది.

"రాదు."

"ఏం, నీ మొహం నచ్చలేదా?"

ఆయన వంగి, ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఒకటి మోకాళ్ళ కింద పెట్టి, పళ్ళు బిగపట్టి ఎత్తాడు. సగంలో నడుము పట్టేసింది. కుర్చీ ఇంకా అవతలే ఉంది.

"వదలకయ్యా" అంది ఆమె, ఆయన చొక్కా గుప్పిట పట్టుకుని.