పక్కింటి అక్క మార్చని అంకె

నా చిన్నప్పుడు బందరులో మా పక్కింటి అక్క పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం చదువుతుండేది. ప్రాజెక్టు గట్టెక్కితే హైదరాబాదులో ఉద్యోగం ఖాయమని వాళ్లింట్లో అందరూ ఆశపడ్డారు. నాకప్పుడు పదేళ్లు.

కాలేజీ నుంచి తెచ్చుకున్న రెండు సర్క్యూట్ బోర్డులు ఆమె బల్లమీద ఉండేవి. ఒకదాని మీద జెడ్-80, ఇంకోదాని మీద 6502. కంప్యూటరుకు మెదడులాంటి చిప్పులవి. రెండింట్లో ఏది వేగమో కొలిచి తేల్చడమే ఆమె ప్రాజెక్టు. ఆ బోర్డుల్లో జెడ్-80ని నడిపించే గడియారం 6502 దానికంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది కనుక పని కూడా సగం సమయంలో ముగిస్తుందని వాళ్ల లెక్చరరు గారు ముందే తేల్చేశారట. జెడ్-80 బోర్డులే కొనమని కాలేజీకి సిఫారసు కూడా చేశారట.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క నా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చింది. రెండు చిప్పులకూ ఒకటే పని: కలగాపులగంగా ఉన్న అంకెలను వరసలో పేర్చడం, అదే పని వందలసార్లు చేయడం. పూర్తికాగానే ఎర్రలైటు వెలుగుతుంది. చూస్తే రెండూ దాదాపు ఒకే సమయానికి ముగించాయి. అక్క ముఖం వాడిపోయింది. అది చూడలేక, రెండోసారి 6502 లైటు వెలిగాక కూడా నేను కావాలనే వాచ్ ఆపకుండా ఊరుకున్నాను.

ఆమె కనిపెట్టింది. తిట్టలేదు.

“లైటు ఎప్పుడు వెలిగితే అప్పుడే నొక్కాలమ్మా. మనకేం కావాలో దానికి తెలీదుగా,” అంది.

సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ కొలిచాం. ఫలితం మారలేదు. ఒకటి గబగబా చిన్న అడుగులు వేస్తుందని, రెండోది నిదానంగా పెద్ద అడుగులు వేస్తుందని, అడుగులు లెక్కపెట్టి దూరం చెప్పలేమని నాకర్థమయ్యేలా చెప్పింది. వచ్చిన అంకెలనే రిపోర్టులో రాసింది.

లెక్చరరు గారు సరిచేసి తెమ్మని తిప్పి పంపారు. ఆ రోజు వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని బతిమాలడం నేను విన్నాను.

“ఒక్క అంకేగా, ఆయన చెప్పినట్టు రాసెయ్యవే. ఎవరు చూడొచ్చారు?”

“నేను చూశానుగా అమ్మా,” అంది అక్క.

ప్రాజెక్టు పోయింది, దానితోపాటు ఉద్యోగమూ పోయింది. కాలేజీవాళ్లు ఆయన చెప్పిన బోర్డులే కొన్నారు. అక్క పెడన వెళ్లే బస్సెక్కి, కలంకారీ బట్టలకు అచ్చులు వేసే పనిలో చేరింది. కళ్లు మసకబారేదాకా అదే చేసింది. ఆమె కొలిచింది నిజమేనా అని ఎవరూ మళ్లీ అడగలేదు.

నాకిప్పుడు యాభై దాటాయి. గుడివాడలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. నిజం రాస్తే మేలు జరుగుతుందని నేనెవరికీ చెప్పను. ఆ రోజు వాచ్‌తో నేను చేసిన మోసం ఆమె కంటపడకపోయి ఉంటే ఆమె బతుకు బాగుపడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా మిషను చూపించినదే రాస్తాను. మరొకటి రాయడానికి చెయ్యి రాదు.