ముల్లర్ అని రాసింది నేనే

నలభై ఏళ్ళకు పైగా ఒక బరువు మోశాను. అన్నాళ్ళూ నా భార్యకు కూడా చెప్పలేదు. ఇదివరకు రెండుసార్లు రాయడం మొదలుపెట్టి, సగంలో కాగితాలు చించేశాను. ఈసారి చించను. చదివే మీరెవరో నాకు తెలియదు. అయినా ఎదురుగా కూర్చుని వింటున్నారనుకునే రాస్తున్నాను.

నేను రిటైరైన బడిపంతుల్ని. పర్చూరు దగ్గర ఒక పల్లెటూళ్ళో ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఏ రోజు వాన పడిందో, ఎవరు బడికి రాలేదో, పొగాకు బేళ్ళ బండ్లు ఎప్పుడు కదిలాయో అన్నీ ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయేది కూడా అందులో ఉంది. ఒక్క వాక్యం. తారీఖు వేసి, నా చేత్తో రాసింది.

ఆ రోజుల్లో పిల్లల్ని బళ్ళో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులకు పుట్టినరోజులు తెలిసేవి కావు. మేమే జులై ఒకటి అని వేసేవాళ్ళం. మా బడిలో సగంమంది ఒకే రోజు పుట్టారు. ఊరి బయటి పల్లె నుంచి వచ్చిన పిల్లలకైతే ఇంటిపేర్లు కూడా మాకు తోచినట్టే రాసేవాళ్ళం. అడిగేవాళ్ళు లేరు. రిజిస్టర్లో పడిందే నిజం.

ఒక జూన్‌లో మరియమ్మ తన కూతురు సుగుణను తీసుకొచ్చింది. పిల్లకు ఆరేళ్ళు. తండ్రి ఆ ముందేడు నూతిలో పూడిక తీస్తూ, గట్టు విరిగిపడి చనిపోయాడు. మా ఊళ్ళో జర్మనీ నుంచి వచ్చిన ఒక దొరగారు చిన్న ఆసుపత్రి నడిపేవారు. మరియమ్మ అక్కడ ఊడ్చేది. ఆయన ఇంటిపేరు ముల్లర్. అప్పటికి కొన్ని నెలల ముందే జబ్బుచేసి తన దేశం వెళ్ళిపోయారు.

ఇంటిపేరేమిటని అడిగాను. చెప్పింది. అది నా ఇంటిపేరే.

మా వైపు ఇది వింతేమీ కాదు. ఇంటిపేర్లు చాలావరకు ఊరిపేర్లే. ఎప్పుడో ఒకే ఊరినుంచి కదిలివచ్చిన భూస్వామికీ, అతని పాలేరుకూ ఒకే ఇంటిపేరు ఉంటుంది. అంతమాత్రాన చుట్టాలు కారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నా చెయ్యి ఆగిపోయింది. ఆ పేజీ అడుగున సంతకం పెట్టేది నేను. పైన ఆ పిల్ల ఇంటిపేరు, కింద నా ఇంటిపేరు. ఇన్‌స్పెక్టరు చూస్తే? ఎవరైనా నవ్వితే? పాతికేళ్ళ వయసులో నాకు అంత పెద్ద భయం అదొక్కటే.

"దొర దగ్గర పనిచేశావుగా. దొర ఇంటిపేరే రాస్తాలే, గొప్పగా ఉంటది," అన్నాను.

"వద్దయ్యా. దాని నాన్న పేరు ఉండనీండి," అంది.

అప్పటికే రాసేశాను. పక్క బల్ల దగ్గరి పంతులు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "మరియమ్మ పిల్లకు ముల్లర్ అని ఇంటిపేరు పెట్టితిని, అందరమూ నవ్వుకొంటిమి."

తర్వాతి సంగతి మీరు ఊహించగలరు. ఊళ్ళో మాట పుట్టింది. బళ్ళో ఊరికే రాస్తారా అన్నారు. పిల్ల ముమ్మూర్తులా తండ్రే. చూసే కళ్ళకు అది కనిపించలేదు. "దొర బిడ్డ" అని పిలిచారు. చర్చిలో ఆడవాళ్ళు మరియమ్మ పక్కన కూర్చోవడం మానేశారు. ఆమె ఆసుపత్రి పని వదిలి పొగాకు గ్రేడింగుకు వెళ్ళింది. పేరు మార్చమని రెండుసార్లు నా దగ్గరికొచ్చింది. రిజిస్టర్లో పడింది మారదని రెండుసార్లూ చెప్పాను. మారుతుంది. హెడ్‌మాస్టరు చేత సంతకం పెట్టించి దిద్దవచ్చు. కానీ ఎందుకు దిద్దుతున్నావని ఆయన అడిగితే నేనేం చెప్పాలి?

మరియమ్మ పోయింది. సుగుణ ఆ ఇంటిపేరుతోనే చదివి, గుంటూరులో స్టాఫ్ నర్సు అయింది. ఎక్కడ కనిపించినా "నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు" అని పదిమందికీ పరిచయం చేసేది.

2003 వేసవిలో మా ఇంటికొచ్చింది. చేతిలో ఇంటర్నెట్ సెంటర్లో తీయించిన కాగితాలు. వాళ్ళ ఆసుపత్రి చూడటానికొచ్చిన ఒక జర్మన్ డాక్టరు, ఈమె పేరు బిళ్ళ చూసి ఆశ్చర్యపోయాడట.

"మాస్టారండీ, మేం పిండిమర వాళ్ళమంట!" అంది నవ్వుతూ. "నేనేమో గ్రైండర్‌కి మూతపెట్టడం మర్చిపోయి పిండంతా గోడకి కొట్టించే రకాన్ని."

కాగితాలు చదివి వినిపించింది. ముల్లర్ అంటే మర ఆడించేవాడట. పూర్వం ఆ దేశంలో వాగున్న ప్రతిచోటా నీళ్ళతో తిరిగే మర ఉండేదట. మర నడిపేవాణ్ణి ఊరు ఆ పేరుతో పిలిచేదట. అదే పిల్లలకు ఇంటిపేరైంది. ఇప్పుడు అక్కడ అన్నింటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదేనట.

"అంతమందీ చుట్టాలు కారంటండీ. ఏ ఊరి మర ఆ ఊరిదే, ఏ ఊరి ముల్లరు ఆ ఊరివాడే. మరి నేను ఏ ముల్లర్ని?" నవ్వు ఆగింది. "దొరగారు మా నాన్నా? మీరొక్కమాట చెప్పండి. అవునంటే ఆయన వాళ్ళకి ఉత్తరం రాస్తాను. అడ్రసు డాక్టరుగారు కనుక్కుంటానన్నారు."

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నాలుక మీదే ఉంది. ఆమె నన్ను చూస్తున్న చూపు పోతుందని భయపడ్డానా? డెబ్బైకి దగ్గరపడ్డాక కూడా, పాతికేళ్ళప్పుడు నవ్వినవాణ్ణే కాపాడుకున్నానా?

"దొరగారే రాయించారమ్మా. నువ్వంటే ఆయనకు ప్రాణం," అన్నాను.

"అంటే?"

"అంతకుమించి నాకు తెలీదు."

"అర్థమైందిలెండి," అని కళ్ళు తుడుచుకుంది.

ఉత్తరం రాసింది. కొన్ని నెలలకు దొరగారి చెల్లెలి నుంచి జవాబొచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. చనిపోయిన మనిషి మీద ఇలాంటి నింద వేయవద్దని, మళ్ళీ రాయవద్దని ఉంది. సుగుణ నాకు ఫోన్ చేసింది.

"నేను అబద్ధాలకోరునంట మాస్టారూ. మీరున్నారుగా. దొరగారే రాయించారని మీ చేత్తో రాసి సంతకం పెట్టివ్వండి."

ఇక మిగిలినవి రెండే దారులు. ఇంకో అబద్ధం, లేదా నిజం. మర్నాడే ఆ ఏటి డైరీ సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను. మిర్చి యార్డు దగ్గర బస్సంతా తుమ్ముతూ, దగ్గుతూ ఉంటే, దిగి వెనక్కి పోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చింది. దిగలేదు.

ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆమె ముందు ఆ పేజీ తెరిచి పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది. ఎందుకు రాశానో నేనే చెప్పాను, ఏదీ మినహాయించకుండా. ఆమె అసలు ఇంటిపేరేమిటో చెప్పాను. అది నాది కూడా అని చెప్పాను.

"మార్చమని మా అమ్మ అడగలేదా?"

"అడిగింది."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. అవి కూడా రాసుకున్నాను."

"రాసుకున్నారా!" అని నవ్వింది. అలాంటి నవ్వు నేను అంతవరకు వినలేదు. "ఊరన్నది సరే మాస్టారూ. నేను కూడా నమ్మాను. మా అమ్మ చచ్చిపోయేటప్పుడు పక్కన కూర్చుని, నిజం చెప్పవే అని అడిగాను. నూతిలో పోయిన మీ నాన్నేనే అంది. నేను నమ్మలేదు."

క్షమించమన్నాను. ఆ మాట విననట్టే లేచింది.

"నాకు చెప్తే ఏం లాభం? మా అమ్మని ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి. ఆ పెద్దావిడకీ మీరే రాయండి."

జర్మనీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు. తర్వాతి ఆదివారం పల్లెలో చర్చికి వెళ్ళాను. అన్నేళ్ళు ఆ ఊళ్ళో పాఠం చెప్పి, ఆ గడప తొక్కడం అదే మొదలు. ప్రార్థన అయ్యాక పాస్టరు అనుమతితో నిలబడ్డాను. సుగుణ ఆఖరి వరసలో కూర్చుంది, నావైపు చూడకుండా. జరిగింది చెప్పాను. మరియమ్మ ఏ తప్పూ చేయలేదని చెప్పాను. ముందు వరసలోని ఒక ముసలావిడ, "ఇన్నేళ్ళు నోరేమైందయ్యా నీకు?" అని గట్టిగా అరిచింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

ఆ తర్వాత సుగుణ తండ్రి పేరు ఇంటిపేరుతో సహా పలికాను. నా ఇంటిపేరూ అదేనన్నాను. ఎవరూ నవ్వలేదు.